చెన్నైలో ఇల్లు గడవడం కష్టమైనప్పుడు: సాయం ఎక్కడ, ఏ వరుసలో అడగాలి

సంపాదించే మనిషి మంచాన పడినా, ఉన్న పని పోయినా చాలా ఇళ్లలో మొదటి వారంలో జరిగేది ఒకటే. చెవి కమ్మలు కుదువ కొట్టుకు వెళతాయి. అవి చాలకపోతే వీధిలో తండల్‌కు, అంటే రోజూ వసూలు చేసుకునే అప్పుకు, డబ్బులిచ్చే మనిషి గుమ్మం ముందు నిలబడతాడు. రేషన్ బియ్యం, ఆసుపత్రి బీమా, పింఛను, పిల్లల బడి గురించిన ఆలోచన ఆ తర్వాతెప్పుడో వస్తుంది. అప్పటికి చేతికొచ్చిన ప్రతి రూపాయీ వడ్డీకే పోతుంటుంది. ఈ వరుసను తిరగేయాలి. అప్పు చేయకముందే అడగదగిన చోట్లు చెన్నైలో చాలా ఉన్నాయి. వాటిలో ఏది ముందో, ఏది తర్వాతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొరుక్కుపేట, తండయార్‌పేట, చాకలిపేటల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లున్నారు. నెల్లూరు, చిత్తూరు, శ్రీకాకుళం జిల్లాల నుంచి కూలి పనులకు ఈ మధ్యే వచ్చినవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్ల దగ్గర తమిళనాడు రేషన్ కార్డు ఉంటుంది, రెండోవాళ్లది ఊళ్లోనే ఉంటుంది. అందుకని కొన్ని చోట్ల ఇద్దరి దారులు వేరవుతాయి. అలాంటి చోట విడిగా చెబుతాను.

సాయం అడగడానికి సిగ్గుపడి పస్తులుండే ఇళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. కింద చెప్పేవాటిలో చాలా భాగం ఎవరో పెట్టే దానం కాదు. మీరు కొన్న ప్రతి సబ్బు మీదా కట్టిన పన్నుతో నడిచేవి, మీ పేరున చట్టం రాసిపెట్టినవి. తలెత్తుకుని అడగండి.

ముందు ఈ పూట అన్నం

కాగితాలు ఏవీ అక్కర్లేని చోటు అమ్మ ఉణవగం. మనవాళ్లు అమ్మ క్యాంటీన్ అంటారు. 2013లో చెన్నై కార్పొరేషన్ మొదలుపెట్టింది. ఇడ్లీ రూపాయి, పొంగల్ 5 రూపాయలు, సాంబారన్నం 5, పెరుగన్నం 3, సాయంత్రం రెండు చపాతీలు పప్పుతో 3 రూపాయలు. ఉదయం 7 నుంచి 10 వరకు, మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు తెరిచి ఉంటుంది. మీరెవరు, ఏ ఊరివాళ్లు అని అడగరు. టోకెన్ తీసుకుని నిలబడి తినడమే. నలుగురున్న ఇల్లు ఒక పూట 20, 25 రూపాయలతో గడిచిపోతుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఇవి ఉన్నాయి కాబట్టి రోగి పక్కన ఉండేవాళ్లు బయటి హోటల్‌కు వెళ్లనక్కర్లేదు. మధ్యాహ్నం వంటకాలు త్వరగా అయిపోతాయి, ఒంటిగంట లోపే వెళ్లడం మంచిది.

మైలాపూర్ కపాలీశ్వరాలయం, తిరువల్లికేణి పార్థసారథి ఆలయం, వడపళని మురుగన్ ఆలయం వంటి దేవాదాయ శాఖ గుళ్లలో మధ్యాహ్నం అన్నదానం ఉంటుంది. టి.నగర్ జి.ఎన్. చెట్టి రోడ్డులోని గురుద్వారాలో లంగర్‌కు, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనానికి, మతంతో పని లేదు. తల మీద గుడ్డ కప్పుకుని పంక్తిలో కూర్చుంటే చాలు.

తల దాచుకునే చోటు కూడా లేకపోతే కార్పొరేషన్ నంబరు 1913కు ఫోను చేయండి. ఇల్లు లేనివాళ్ల కోసం నగరంలో ఉచిత ఆశ్రయాలు నడుస్తున్నాయి. ఆడవాళ్లకు, మగవాళ్లకు, పిల్లలకు వేర్వేరుగా ఉంటాయి. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణల్లో రోగుల బంధువుల కోసం కూడా ఉన్నాయి.

రేషన్: ఊరి కార్డు ఇక్కడా పనిచేస్తుంది

తమిళనాడు కార్డు ఉన్నవాళ్లకు విషయం తెలిసిందే. బియ్యం కార్డుకు సాధారణంగా నెలకు 20 కిలోల వరకు బియ్యం ఉచితం, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. కందిపప్పు కిలో 30 రూపాయలు, పామాయిల్ లీటరు 25. ఒక చిక్కుంది. ఎప్పుడో స్థితిమంతులుగా ఉన్న రోజుల్లో కొందరు చక్కెర కార్డు తీసుకున్నారు. దానికి బియ్యం రావు. మీ కార్డు మీద ఎన్‌పీహెచ్‌హెచ్-ఎస్ అని ఉంటే అది చక్కెర కార్డు. పరిస్థితి మారింది కాబట్టి దాన్ని బియ్యం కార్డుగా మార్చమని మీ ప్రాంతపు పౌరసరఫరాల సహాయ కమిషనర్ కార్యాలయంలో అడగండి. ఈ కార్యాలయాల్లో నెలలో రెండో శనివారం రేషన్ కార్డుల ఫిర్యాదుల శిబిరం జరుగుతుంది. పేరు చేర్చడం, చిరునామా మార్చడం, కొత్త కార్డు ఏదైనా ఆ రోజు వెళితే అధికారి ఎదురుగానే మాట్లాడవచ్చు.

ఆంధ్ర, తెలంగాణ కార్డులవాళ్లు ఇక్కడ ఆగి చదవండి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకంలో తమిళనాడు 2020 అక్టోబరులో చేరింది. మీ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉంటే మనిషికి 5 కిలోల బియ్యం చెన్నైలో ఏ రేషన్ దుకాణంలోనైనా ఉచితంగా తీసుకోవచ్చు. కార్డు నంబరు లేదా ఆధార్ నంబరు చెప్పి వేలిముద్ర వేయాలి. ఇంటిల్లిపాదీ ఇక్కడ ఉండాల్సిన పని లేదు. మీరిద్దరూ పిల్లలూ ఇక్కడుండి అత్తమామలు ఊళ్లో ఉంటే, ఎవరి వంతు వాళ్లు ఉన్నచోటే తీసుకోవచ్చు. అయితే మీ వంతు బియ్యం ఆ నెల ఊళ్లో తీసేసుకుంటే ఇక్కడ రావు. పప్పు, నూనె తమిళనాడు సొంతంగా ఇచ్చేవి కాబట్టి మన ఊరి కార్డుకు ఇవ్వరు.

ఆంధ్ర, తెలంగాణ రెండింటిలోనూ కొన్ని బియ్యం కార్డులు జాతీయ చట్టం కింద కాక రాష్ట్ర ప్రభుత్వ ఖర్చుతో నడుస్తున్నాయి. అవి ఇక్కడ పనిచేయవు. దుకాణదారు లేదన్నాడంటే కారణం ఇదే కావచ్చు. ముందుగా 14445కు ఫోను చేసి, లేదా మేరా రేషన్ యాప్‌లో కార్డు నంబరు వేసి చూసుకుంటే వరుసలో గంటసేపు నిలబడి తిరిగి రావాల్సిన పని ఉండదు.

వేలిముద్రల సంగతి కూడా చెప్పాలి. నాలుగిళ్లలో అంట్లు తోమే ఆడవాళ్లకు, సిమెంటు కలిపేవాళ్లకు, వీధులు ఊడ్చేవాళ్లకు వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. యంత్రం ఎర్ర దీపం చూపిస్తుంది, వెనకున్నవాళ్లు విసుక్కుంటారు, మనిషి ఖాళీ సంచితో ఇంటికి వస్తుంది. అలా వచ్చేయకండి. చేతులు తడి లేకుండా తుడుచుకుని వేరే వేలు, వేరే చెయ్యి పెట్టి చూడండి. కార్డులో పేరున్న మరొకరిని తీసుకెళ్లండి. కంటిపాప చూసే యంత్రం ఉందా అని అడగండి, చాలా దుకాణాలకు వచ్చింది. పని లేని రోజుల్లో ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు కొత్తగా వేయించుకోండి.

ఇక ఊరి కార్డు తీసేసి తమిళనాడు కార్డు తీసుకోవాలా? ఇక్కడే స్థిరపడితే తీసుకోవడం మంచిదే. బీమా, నెలనెలా వచ్చే సాయం వంటి చాలావాటికి ఇక్కడ అదే ఆధారం. కానీ ఊళ్లో అమ్మకో నాన్నకో పింఛను వస్తుంటే తొందరపడవద్దు. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. తమిళనాడులో అది 1,200. ఊళ్లోనే ఉంటున్న పెద్దవాళ్ల పేర్లు అక్కడి కార్డులో అలాగే ఉంచి, ఇక్కడ ఉండేవాళ్ల పేర్లు మాత్రమే తీయించి, ఆ ధ్రువపత్రంతో ఇక్కడ దరఖాస్తు చేయండి. ఒక మనిషి పేరు రెండు కార్డుల్లో ఉండకూడదు. ఆధార్‌తో పట్టుబడితే రెండూ ఆగిపోతాయి.

కాగితాల సంచి

అన్నం సంగతి చూసుకున్నాక ఒక పూట కూర్చుని కాగితాలు పోగు చేయండి. అందరి ఆధార్‌లు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లు లేదా అద్దె ఒప్పందం, పిల్లల జనన పత్రాలు, బడి పత్రాలు, ఫొటోలు. ఒక్కొక్కటి మూడేసి నకళ్లు తీయించి గుండీ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. అసలు కాగితం ఎవరికీ ఇచ్చి రావద్దు, చూపించి వెనక్కి తీసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ చోట్ల అడిగేది ఆదాయ ధ్రువపత్రం. ఇక్కడి కార్యాలయాల్లో వరుమాన సాండ్రిదళ్ అని అడగాలి. ప్రభుత్వ దరఖాస్తులు తీసుకునే ఇ-సేవై కేంద్రంలో 60 రూపాయలు కట్టి దరఖాస్తు చేస్తే గ్రామ పరిపాలనాధికారి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ల మీదుగా తహసీల్దార్ దాకా వెళుతుంది. చెన్నై నడిబొడ్డున కూడా గ్రామ పరిపాలనాధికారి ఉంటారు, ఆశ్చర్యపోవద్దు. ఆయన విచారణకు వచ్చినప్పుడు ఉన్న ఆదాయం ఉన్నట్టు చెప్పండి. మనిషి పని మానేసి ఉంటే ఆసుపత్రి చీటీ చూపించి ఆ మాట చెప్పండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి జీతం రాయించుకుని తర్వాత బీమాకు అర్హత పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి.

ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామాయే ఉండి, ఇంటి యజమాని అద్దె ఒప్పందం రాసివ్వకపోతే, ఆధార్ సంస్థ నమూనా పత్రం మీద వార్డు కౌన్సిలర్, ఎమ్మెల్యే లేదా గెజిటెడ్ అధికారి సంతకం చేసి ఇస్తే చెల్లుతుంది.

ఎస్సీ కుటుంబాలకు ఒక హెచ్చరిక. కుల ధ్రువపత్రం తండ్రి తాతల సొంత రాష్ట్రాన్ని బట్టి వస్తుంది. 1950కి ముందు నుంచే ఇక్కడ ఉన్న కుటుంబాలకు తమిళనాడు పత్రం వస్తుంది, ఆది ఆంధ్ర అనే పేరు ఇక్కడి ఎస్సీ జాబితాలో ఉంది. తర్వాత వచ్చినవాళ్లకు వలసవచ్చినవారి పత్రమే వస్తుంది. దానికి ఇక్కడి రాష్ట్ర రిజర్వేషన్ వర్తించదు. పాత చెన్నై కుటుంబమైతే తాతగారి బడి పత్రం, కార్పొరేషన్ ఉద్యోగపు కాగితం వంటివి పారేయకుండా దాచండి. రేపు మనవరాలి కాలేజీ సీటుకు అవే ఆధారం.

వైద్యం: డబ్బు కట్టకముందే బీమా కౌంటర్

చెన్నైలో ప్రభుత్వ ఆసుపత్రులకు ఏ రాష్ట్రం వాళ్లయినా వెళ్లవచ్చు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా రాజీవ్ గాంధీ ఆసుపత్రి, ఉత్తర చెన్నైకి స్టాన్లీ, పిల్లలకు ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి, కాన్పులకు తిరువల్లికేణి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. ఓపీ చీటీకి ఉదయమే వెళ్లాలి. రోడ్డు ప్రమాదమైతే తమిళనాడులో 2021 డిసెంబరు నుంచి మొదటి 48 గంటల వైద్యం ఉచితం. జాబితాలోని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ, ఇతర రాష్ట్రాలవాళ్లకు కూడా. 108కు ఫోను చేసినప్పుడే ఈ మాట అడగండి.

శస్త్రచికిత్స అవసరమైతే ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా ఉంది. కుటుంబ వార్షికాదాయం 1,20,000 రూపాయల లోపు ఉండాలి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వర్తిస్తుంది. ఆదాయ పత్రం, రేషన్ కార్డు, ఆధార్‌లతో రాజాజీ సాలైలోని కలెక్టరేట్ బీమా కేంద్రానికి వెళ్లాలి. సందేహాలకు 1800 425 3993. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి ఆరు నెలలు దాటిన కార్మికులను కూడా అధికారుల ధ్రువీకరణతో చేర్చుకునే వీలుంది, ఆ కేంద్రంలోనే అడగండి. ఈ బీమాలో ముఖ్యమైన నియమం ముందస్తు అనుమతి. మీరు ముందే కట్టేసిన డబ్బు తిరిగి రాదు. అందుకే రోగిని చేర్పించిన రోజే ఆసుపత్రిలోని బీమా కౌంటర్‌కు వెళ్లండి. కార్డు ఇంకా లేకపోయినా అక్కడివాళ్లు దారి చెబుతారు.

ఆంధ్ర కార్డున్నవాళ్లకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద కొన్ని పెద్ద చికిత్సలు చెన్నైలోని జాబితా ఆసుపత్రుల్లో జరుగుతాయి. ఊళ్లో ఉన్న బంధువులను సచివాలయంలోనో, దగ్గరి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరో ఏ జబ్బుకు చెన్నైలో ఏ ఆసుపత్రి ఉందో అడగమనండి.

ఇవేవీ కుదరనప్పుడు అడగదగిన ధర్మసంస్థలున్నాయి. క్యాన్సర్‌కు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చొరవతో 1954లో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. కంటికి శంకర నేత్రాలయ ఉచిత విభాగం. డయాలసిస్‌కు ట్యాంకర్ ఫౌండేషన్ కేంద్రాలు. మామూలు జబ్బులకు ఆదాయాన్ని బట్టి రుసుము తీసుకునే తరమణి వీహెచ్ఎస్ ఆసుపత్రి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ కూడా అడయార్‌లోనే ఉంది. ఇలాంటి చోట్ల సామాజిక కార్యకర్త గది ఎక్కడో అడిగి నేరుగా అక్కడికే వెళ్లాలి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటే పని జరగదు. తగ్గింపు ఇచ్చే అధికారం వాళ్లకు ఉండదు.

గర్భిణి ఉన్న ఇల్లయితే ఇవాళే దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించండి. అక్కడ వచ్చే ఆర్‌సీహెచ్ అనే గర్భిణి నమోదు నంబరు లేకపోతే తర్వాత బిడ్డ జనన ధ్రువపత్రానికే ఇబ్బంది. అర్హత ఉంటే ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సాయం కింద నగదు, పోషకాహార పెట్టెలు కలిపి 18,000 రూపాయల విలువైన సాయం విడతలుగా వస్తుంది.

మీ డబ్బే ఎక్కడైనా ఉందేమో చూడండి

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పాస్‌బుక్ ప్రింటు వేయించి మే, జూన్ నెలల పద్దులు చదవండి. 436 రూపాయలు కోసుకున్నట్టు ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 2 లక్షలు. 20 రూపాయలు కోసుకుంటే అది ప్రమాద బీమా. ప్రమాదంలో మరణించినా, రెండు కళ్లో రెండు కాళ్లో పోయినా 2 లక్షలు. ఖాతా తెరిచిన రోజు బ్యాంకులో ఎవరో సంతకం పెట్టించుకుని ఉంటారు, ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. మనిషి పోయిన తర్వాత ఆ ఖాతా మూసేసి మిగిలిన నాలుగొందలు తెచ్చుకుని ఊరుకున్నవాళ్లున్నారు. ఖాతా మూయించే ముందు ఆ పద్దులు చూడండి, వెంటనే క్లెయిము పత్రం అడగండి.

తర్వాత జీతం చీటీ. సెక్యూరిటీ గార్డు, బట్టల దుకాణంలో సేల్స్ పని, అంబత్తూరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని ఏదైనా, జీతంలో ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, కోత ఉందేమో చూడండి. నెలకు 21,000 లోపు జీతగాళ్లకు అది వర్తిస్తుంది. ఈఎస్ఐ ఉంటే కె.కె.నగర్, అయనావరం ఈఎస్ఐ ఆసుపత్రుల్లో కుటుంబమంతటికీ వైద్యం ఉచితం. జబ్బుతో పనికి వెళ్లలేని రోజులకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పీఎఫ్ ఉంటే వైద్యానికి అందులోంచి తీసుకోవచ్చు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే పీఎఫ్‌తో పాటు ఉండే బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల వరకు కుటుంబానికి వస్తుంది. ఈ సంగతి యజమాని చెప్పకపోతే పీఎఫ్ కార్యాలయంలో నేరుగా అడగండి.

తాపీ, పెయింటింగ్, సెంట్రింగ్ పనుల్లో ఉన్నవాళ్లు తమిళనాడు నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. 18 నుంచి 60 ఏళ్ల వాళ్లకు, ఇతర రాష్ట్రాలవాళ్లకు కూడా వీలుంది. పిల్లల చదువు, పెళ్లి, కాన్పు, ప్రమాదం అన్నిటికీ సాయం ఉంది. అయితే ప్రమాదం జరిగాక నమోదు చేసుకుంటే దానికి వర్తించదు. ఇంట్లో ఒక్క తాపీ మేస్త్రి ఉన్నా ఈ నెలలోనే చేయించండి.

నెలనెలా వచ్చేవి

కుటుంబ పెద్ద అయిన మహిళకు కలైఞర్ మగళిర్ ఉరిమై తొగై పేరుతో నెలకు 1,000 రూపాయలు 2023 సెప్టెంబరు 15న మొదలైంది. 21 ఏళ్లు నిండి ఉండాలి, ఏడాది ఆదాయం 2.5 లక్షల లోపు, కరెంటు వాడకం ఏడాదికి 3,600 యూనిట్ల లోపు. దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో రేషన్ దుకాణంలో అడుగుతూ ఉండండి. వృద్ధులు, వితంతువులు పింఛనుకు ఇ-సేవైలో దరఖాస్తు చేసి, తాలూకా కార్యాలయంలో సామాజిక భద్రత తహసీల్దారును కలవాలి.

బస్సు ఖర్చు చిన్నదే అనిపిస్తుంది కానీ కార్యాలయాల చుట్టూ తిరిగేటప్పుడు తెలుస్తుంది. సాధారణ ఎంటీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఏ రాష్ట్రం ఆధార్ అని కూడా అడగరు. తిరిగే పనులన్నీ ఇంట్లో ఆడవాళ్లే చేయడానికి ఇదొక కారణం.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. రెండు నెలలకు 100 యూనిట్లు ఇళ్లకు ఉచితం. అద్దె ఇళ్లలో సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంతని వసూలు చేసేటప్పుడు చాలా చోట్ల ఈ లెక్కే ఉండదు. మీ వాటాకు వేరే సర్వీసు నంబరు ఉందేమో అడిగి, అసలు బిల్లు చూపించమనండి.

పిల్లలను బడి మాన్పించవద్దు

ఇల్లు కుంగినప్పుడు మొదట ఆగేది పెద్దపిల్ల చదువు. దయచేసి ఆ పని చేయవద్దు. ప్రైవేటు బడి ఫీజు కట్టలేకపోతే కార్పొరేషన్ బడికి మార్చండి. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు ఉదయం టిఫిను, మధ్యాహ్నం భోజనం అక్కడే దొరుకుతాయి. చెన్నైలో బడి పిల్లలకు అన్నం పెట్టే ఏర్పాటు కొత్తది కాదు. 1920లోనే, పిట్టి త్యాగరాయ చెట్టి నగర పాలక సంస్థ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో అది మొదలైంది. ఆయన తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు.

పాత బడి బాకీ కట్టలేదని టీసీ ఇవ్వకపోతే భయపడవద్దు. ఫీజు బాకీ పేరుతో టీసీ ఆపడం, దాని మీద బాకీ ఉందని రాయడం తప్పని మద్రాసు హైకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. టీసీ లేకుండానే ప్రభుత్వ బడిలో చేర్చుకుంటారు.

ఆడపిల్ల 6 నుంచి 12 వరకు ప్రభుత్వ బడిలో చదివితే కాలేజీలో చేరాక పుదుమై పెణ్ పథకం కింద చదువు పూర్తయ్యేదాకా నెలకు 1,000 రూపాయలు ఆమె ఖాతాలోనే పడతాయి. మగపిల్లలకు ఇలాంటిదే తమిళ్ పుదల్వన్ పథకం ఉంది. వైద్య కోర్సుల్లో ప్రభుత్వ బడి పిల్లలకు 7.5 శాతం ప్రత్యేక కోటా కూడా ఉంది. ఐదో తరగతి దాటుతున్న బిడ్డ ఇంట్లో ఉంటే ఈ లెక్క ఇప్పుడే వేసుకోండి. మధ్యలో ఒక్క ఏడాది ప్రైవేటులో చదివినా అర్హతకు అడ్డమవుతుంది.

అప్పు ఇప్పటికే ఉంటే

తండల్, వారం చిట్టీ, మైక్రోఫైనాన్స్, ఫోను యాప్ అప్పు అన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎవరికి, అసలు ఎంత, ఇప్పటికి ఎంత కట్టారు. రాశాక చూస్తే అసలు ఎప్పుడో తీరిపోయిన అప్పులు కొన్ని కనబడతాయి. అధిక వడ్డీని నిషేధించే చట్టం తమిళనాడులో 2003 నుంచి ఉంది. వసూలు పేరుతో బెదిరించడం, ఇంటి ముందు కూర్చుని అవమానించడం మీద 2025లో మరో చట్టం వచ్చింది. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను కూడా చేయకూడదు. యాప్‌వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తే 1930కి ఫిర్యాదు చేయండి, ఇంకో రూపాయి కట్టవద్దు.

న్యాయవాదికి డబ్బులు లేవని ఆగిపోనక్కర్లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోను చేయవచ్చు, హైకోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయానికి నేరుగా వెళ్లవచ్చు. ఇంట్లో కొట్టడం, తిట్టడం ఉంటే ఆడవాళ్ల నంబరు 181.

ట్రస్టులకు ఉత్తరం రాసేటప్పుడు

పెద్ద మొత్తం కావాల్సి వస్తే ధర్మసంస్థలకు, కులసంఘాలకు, ఆలయ ట్రస్టులకు, రోటరీ క్లబ్బులకు రాస్తారు. చాలా ఉత్తరాలు కష్టాలన్నీ చెప్పి ఎంత కావాలో చెప్పకుండా ముగుస్తాయి. చదివేవాళ్లకు జాలి కలుగుతుంది కానీ ఏం చేయాలో తెలియదు. ఒక పేజీ దాటకుండా ఇలా రాయండి:

"నా భర్త పెయింటింగ్ పనిలో పరంజా మీద నుంచి పడ్డారు. నడుము ఎముక విరిగింది. ఫలానా ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స బీమా కింద జరిగింది. ఆరు నెలలు పనికి వెళ్లలేరని వైద్యులు రాసిచ్చారు, నకలు జతచేశాను. నేను రెండిళ్లలో వంట చేస్తాను, నెలకు 9,000 వస్తుంది. ఇంటి అద్దె 5,000. పెద్దమ్మాయి పాలిటెక్నిక్ రెండో ఏడాది ఫీజు 8,500 ఈ నెలాఖరులోగా కట్టాలి. ఆ మొత్తం కాలేజీ పేరునే చెక్కుగా ఇస్తే చాలు."

వచ్చిన కష్టమేమిటో, ఇప్పటికే ఎక్కడ సాయం దొరికిందో, ఇంకా లోటు ఎంతో, ఎవరి పేరున ఇవ్వాలో అన్నీ ఇందులో ఉన్నాయి. డబ్బు నా చేతికి వద్దు, కాలేజీకే ఇవ్వండి అన్న ఒక్క మాటతో నమ్మకం పెరుగుతుంది. ఉత్తరం తెలుగులో ఆలోచించి రాసి, తమిళంలోనో ఇంగ్లిషులోనో బడిపిల్లల చేత రాయించుకున్నా ఫరవాలేదు.

సాయం ఇప్పిస్తామని ముందుగా రుసుము, డిపాజిట్, ఓటీపీ అడిగేవాళ్లు మోసగాళ్లు. ప్రభుత్వ పథకం దేనికీ మధ్యవర్తికి డబ్బివ్వాల్సిన పని లేదు, ఇ-సేవై రుసుముకు కూడా రసీదు ఇస్తారు.

కాదన్నప్పుడు

నోటిమాటగా కాదంటే అది తిరస్కరణ కాదు. దరఖాస్తు ఇవ్వండి, నంబరు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం రాసివ్వమని అడగండి. సోమవారం ఉదయం కలెక్టరేట్‌లో ప్రజల విన్నపాల దినం ఉంటుంది. పాత దరఖాస్తు నంబరు రాసి, నకళ్లు జతచేసి అక్కడ ఇస్తే రసీదు ఇస్తారు. ముఖ్యమంత్రి సహాయ కేంద్రం 1100కు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తమిళం రాకపోతే వచ్చిన పొరుగువాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని స్పీకరులో మాట్లాడండి. రేషన్ గురించైతే 1967. ప్రతి ఫోనుకూ తేదీ, అవతల మాట్లాడినవాళ్లు చెప్పిన నంబరు ఆ ప్లాస్టిక్ కవరు లోపలి కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండోసారి ఫోను చేసినప్పుడు మొదట అడిగేది ఆ నంబరే.